తల్లులు కూడుకొనుటకొక చోటు

2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన పూర్వపు వరంగల్లు జిల్లాను విభజించి జనగామ, మహబూబాబాదు, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలను ఏర్పరచినప్పుడు, అంతకు మున్ను కరీంనగరము క్రింద నుండిన కాటారము, మహదేవపూరు మండలముల వారికిని, మహబూబాబాదు చుట్టునున్న తండాల వారికిని, జనగామ పల్లెల వారికిని ప్రభుత్వమిచ్చిన మాట యొక్కటియే: ఇకమీదట పరిపాలనము ప్రజలకు చేరువ కాగలదని. ఆ మాట చాలవరకు నిలిచినది. మూడు పట్టణములలోను కలెక్టరు కార్యాలయములు వెలసినవి. 2022లో మహబూబాబాదునకును, ఆ మరుసటి యేడు జనగామకును భూపాలపల్లికిని ప్రభుత్వ వైద్యకళాశాలలు వచ్చినవి. భూమి తగవునకో, పింఛను దరఖాస్తునకో, కష్టమైన కానుపునకో వరంగల్లు దాక పోవలసిన యవసరము తగ్గినది. అయితే ఈ చేరువదనము ఇంకను చేరని యిండ్లు కొన్ని కలవు. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టిన బిడ్డ గల యిల్లు వానిలో నొకటి. ఆ యింటికి పెద్ద ఆసుపత్రి యెంత యవసరమో, తన మండలములోనే, వారమునకొకమారైనను, తనవంటి యిండ్లవారితో కలిసి కూర్చుండుటకు ఒక చోటును, ఆ చోట నిలుకడగా పనిచేయు ఒక మనిషియు అంతే యవసరము. ఈ రెంటిని సమకూర్చుట ఈ మూడు జిల్లాల యధికారులకు అసాధ్యము కాదని నా విశ్వాసము.

డౌన్ సిండ్రోమ్ లక్షణములను 1866లో జాన్ లాంగ్డన్ డౌన్ అను ఆంగ్ల వైద్యుడు మొదట క్రమముగా వర్ణించెను; దాని కారణము తెలియుటకు మరి తొంబది యేండ్లకు పైగా పట్టినది. 1959లో పారిస్ నగరమున జెరోమ్ లెజూన్, మార్త్ గోతియె, రేమాన్ తుర్పాన్ అను మువ్వురు, ఈ పిల్లల కణములలో నలుబదియారు క్రోమోజోములకు బదులు నలుబదియేడు ఉన్నవనియు, అదనముగా చేరినది ఇరువదియొకటవ జతకు సంబంధించినదనియు ప్రకటించిరి. 2012 నుండి ఐక్యరాజ్యసమితి మార్చి 21వ తేదీని ప్రపంచ డౌన్ సిండ్రోమ్ దినముగా పాటించుటకు హేతువు కూడ ఇరువదియొకటవ జతలో చేరిన ఆ మూడవ క్రోమోజోమే: మూడవ నెల, ఇరువదియొకటవ తేదీ. నూటికి తొంబదియైదు సందర్భములలో ఈ యదనపు క్రోమోజోము తల్లి యండమో తండ్రి వీర్యకణమో ఏర్పడునప్పటి విభజనలో యాదృచ్ఛికముగా జరిగిన పొరపాటు వలన వచ్చునదే కాని, వంశమునుండి దిగివచ్చునది కాదు.

అయినను మన పల్లెలలో బిడ్డ ముఖము చూచిన వెంటనే నింద తల్లిమీద పడును. కడుపుతో నున్నప్పుడు గ్రహణము చూచినదనియు, మేనరికము చేసికొన్నందున నిట్లయినదనియు, ఏ జన్మలోని పాపమో యనియు తలకొక కారణము చెప్పుదురు. మేనరికమునకు మరికొన్ని పుట్టుజబ్బులతో సంబంధము కలదు గాని దీనితో లేదు. వయసు మీరిన తల్లులకు ఇట్టి బిడ్డలు కలుగు నవకాశము హెచ్చన్న మాట నిజమే; కాని మొత్తము కానుపులలో అత్యధిక భాగము చిన్న వయసు స్త్రీలవే యగుటచేత, ఇట్టి బిడ్డలను కన్నవారిలోను చిన్నవారే యెక్కువగా కనబడుదురు. ఇరువది రెండేండ్ల పిల్ల, తొలి కానుపు, ఒడిలో మెడ నిలుపలేని బిడ్డ, చుట్టును ఈ మాటలు. ఆడబిడ్డ పెండ్లికి ఈ సంగతి అడ్డము వచ్చునేమోయని అత్తవారి భయము వేరు. ఆమెకు తొలి వారములోనే ఎవరైనను వచ్చి, నీ తప్పేమియు లేదని నమ్మకముగా చెప్పవలసియున్నది. ఆ మాట డాక్టరు చెప్పినప్పుడు చెవిని పడును. ఇట్టి బిడ్డనే పెంచి పెద్దచేసిన మరియొక తల్లి చెప్పినప్పుడు మనసున నాటుకొనును.

ఆ మరియొక తల్లి దొరకకపోవుటయే ఇచ్చటి చిక్కు. ఇట్టి జననములు వెయ్యింటికొకటియో, అంతకు కొంచెము ఎక్కువయో యుండునని వైద్యులు చెప్పుదురు. 2011 జనగణనము ననుసరించి ఈ మూడు జిల్లాల జనసంఖ్య సుమారు పదిహేడు లక్షలు. మండలములు దాదాపు నలుబది. ఆ లెక్కన ఏటా పుట్టు ఇట్టి పిల్లలు రెండు మూడు పదులకు మించకపోవచ్చును. అనగా మండలమునకు ఏటికొక్క బిడ్డయైనను పడదు. ఒక తండాలో ఒక యిల్లు, వాగు దాటి రెండు గ్రామముల యవతల మరియొక యిల్లు. ఒకరి యునికి యొకరికి తెలియదు. నగరములలో ఈ యొంటరితనమును జయించిన తల్లిదండ్రులు కలరు. చెన్నపట్నమున సురేఖా రామచంద్రన్ తనకు ఇట్టి కుమార్తె కలిగిన పిదప, అట్టి తల్లిదండ్రులను కూడగట్టి నిర్మించిన సంస్థ నేడు డౌన్ సిండ్రోమ్ అఖిల భారత సమాఖ్యయై నిలిచినది. సికింద్రాబాదు మనోవికాసనగరులో 1984లో నెలకొల్పబడిన జాతీయ సంస్థ, ఆనాటి పేరు మారినను, బుద్ధివికాస లోపము గల పిల్లల కుటుంబములకు తెలుగు దేశమంతటికిని పెద్ద దిక్కుగానే యున్నది. హనుమకొండలో మల్లికాంబ మనోవికాస కేంద్రము కలదు. ఇవి యన్నియు పట్టణములలోనివి. కొత్తగూడ మండలపు కోయ తల్లి కాని, గూడూరు తండాలోని లంబాడీ తల్లి కాని అచ్చటికి ఒకమారు పోగలదేమో, వారము వారము పోజాలదు. సంఖ్య స్వల్పమగుటచేతనే ఈ కుటుంబములను ప్రత్యేకముగా కూర్చవలసి వచ్చుచున్నది. అవి తమంత తాము కలిసికొనునవి కావు. మండలములో డౌన్ సిండ్రోమ్ పిల్లలు మువ్వురే యున్నచో, సెరిబ్రల్ పాల్సీతో బాధపడు పిల్లలను, ఆటిజము గల పిల్లలను, కారణము తెలియని బుద్ధిమాంద్యము గల పిల్లలను కూడ ఆ కూటమిలో చేర్చుకొనవలెను. జబ్బు పేర్లు వేరైనను తల్లుల దినచర్య యొక్కటియే.

ఈ పిల్లల విషయమున కాలమెంత విలువైనదో గుండె సంగతి చూచినచో తెలియును. వీరిలో దాదాపు సగముమందికి పుట్టుకతోనే గుండెలో లోపముండును. గుండె గదుల నడిమి గోడ పూర్తిగా మూసికొనకపోవుటచేత బిడ్డ పాలు త్రాగుచునే అలసిపోవును, నుదుట చెమట పట్టును, మాటిమాటికి నెమ్ము చేయును. ఇట్టి లోపములలో పెద్దవానికి తొలి యారు మాసముల ప్రాంతమున శస్త్రచికిత్స జరిగినచో బిడ్డ నిలుచును. ఏండ్లు గడచినచో ఊపిరితిత్తుల రక్తనాళములలో ఒత్తిడి పెరిగి, ఇక శస్త్రచికిత్సయే పనికిరాని స్థితి యేర్పడును. కావున బిడ్డ పుట్టిన కొద్ది వారములలోనే ఎకో పరీక్ష చేయించుట అవశ్యము. థైరాయిడ్ లోపము కూడ వీరిలో తరచుగా కనబడును. దినమునకొక చిన్న మాత్రతో సరియగు ఆ లోపమును గుర్తింపకున్నచో అది బుద్ధివికాసమును మరింత క్రుంగదీయును. చెవిలో నీరు చేరి వినికిడి తగ్గిన పిల్లకు మాటలు ఆలస్యమగును. మాటలు రానందున ఆమెకేమియు తెలియదని ఊరివారు నిశ్చయించుకొందురు. ఇవి అరుదైన విద్యలు కావు. ఏ నెలలో ఏ పరీక్ష చేయింపవలెనో తెలిసిన వ్యక్తి యొకరు ఆ తల్లికి అందుబాటులో నున్నచో చాలును.

గుండె జబ్బు పిల్లల విషయమున ఈ సీమకు గర్వింపదగిన చరిత్ర యొకటి కలదు. 2004లో, హనుమకొండ శివారు శాయంపేటలో పుట్టి పెరిగిన మంద కృష్ణ మాదిగ, శస్త్రచికిత్సకు డబ్బు లేక కన్నబిడ్డలు కండ్లయెదుటనే క్షీణించుచుండగా చూచుచున్న తల్లిదండ్రులను సమీకరించి ఉద్యమము నడపెను. ఆ పిదపనే నాటి ప్రభుత్వము పేద పిల్లల గుండె శస్త్రచికిత్సలకు ధనసహాయము చేయుటకు పూనుకొన్నది. 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పథకమునకు తెరచిన దారులలో ఇది యొకటి. ఆ 2007లోనే వికలాంగుల హక్కుల పోరాట సమితియు ఆయన చేతనే స్థాపింపబడినది. ఆయన రాజకీయ భావములతో ఎవరికెట్టి భేదమున్నను, ఇందలి విశేషమును గ్రహింపవలెను. అంతకు మునుపు ప్రతి తల్లియు తన బిడ్డ గుండె చీటీని తానొక్కతెయే పట్టుకొని ఆసుపత్రుల వరండాలలో తిరిగినది. అందరును ఒకచోట చేరిన పిమ్మట అది ప్రభుత్వము సమాధానము చెప్పవలసిన ప్రశ్న అయినది. నేడు ఆరోగ్యశ్రీ పరిమితి పది లక్షల రూపాయలు. శస్త్రచికిత్సకు డబ్బు దొరకునట్టి కాలమున, బిడ్డకు గుండె జబ్బున్నదని సకాలమున తెలియక పోగొట్టుకొనుట యెంత దుఃఖము!

గుండె బాగుపడిన పిదప అసలు శ్రమ మొదలగును. ఈ పిల్లల కండరములు పుట్టుకతో సడలియుండును. పాలు పీల్చుట నేర్పవలెను. మెడ నిలుచుటకు బోరగిలా పండుకొనబెట్టి ఎదుట గిలక యాడింపవలెను. కూర్చుండుటకు నడుమునకు ఆధారమీయవలెను. తోటి పిల్లలు ఏడాదికి నడచినచో వీరు రెండేండ్లకో, అంతకు పైననో నడచుదురు. నాలుక లోపలికి తీసికొనుట, నమలుట, గుండీ పెట్టుకొనుట, దొడ్డికి పోవలెనని సైగ చేయుట, వీనిలో ప్రతిదానికిని నెలలకొలది అభ్యాసము కావలయును. థెరపిస్టు వారమునకు అరగంట చూపించును. తక్కిన వారమంతయు ఆ పని తల్లిదే. ఆ తల్లి యెవరు? మహబూబాబాదు జిల్లాలో మిరప కోతకు తెల్లవారక మునుపే ఆటో యెక్కి పోవు కూలి. జనగామ మండలములలో పత్తి యేరు మనిషి. భూపాలపల్లిలో, సింగరేణి ఉద్యోగి కుటుంబమునకు కంపెనీ వైద్యమున్నను, ఆ గనుల చుట్టుప్రక్కల రెక్కల కష్టము మీద బ్రదుకుచు సర్కారు దవాఖానను నమ్ముకొన్న స్త్రీ. కోతల కాలమున ఆమె బిడ్డను ముసలి యత్తకు అప్పగించి పోవును. ముసలామెకు బిడ్డ యేడ్వకున్నచో చాలును. వ్యాయామము ఆ రెండు మూడు నెలలు ఆగిపోవును. మందలింపదగినవారు ఇందులో నెవరును లేరు. నాయనమ్మకు కూడ ఆ వ్యాయామము చూపింపవలెనన్న ఆలోచన మన కార్యక్రమములకు తట్టకపోవుటయే లోపము.

ప్రయాణము సంగతి చెప్పనక్కరలేదు. మహదేవపూరు నుండి వరంగల్లు నూరు కిలోమీటర్లకు పైమాట. 2023 డిసెంబరు నుండి ఆర్.టి.సి. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు టిక్కెట్టు ఖర్చు లేదు. ఇది ఈ తల్లులకు నిజముగా గొప్ప యుపకారము, ఇందుకై ప్రభుత్వమును మనసారా మెచ్చుకొనవలెను. కాని పోయిన కూలిని బస్సు తిరిగి యీయదు. పదునాలుగేండ్లు నిండిన కొడుకును చంక నెత్తుకొని బస్సు మెట్లెక్కు తల్లికి టిక్కెట్టు ధర యొక్కటియే భారము కాదు.

ప్రభుత్వము ఏమియు చేయలేదనుట సత్యదూరము. కేంద్రము 2013లో ఆరంభించిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము కనిపెట్టవలసిన ముప్పది ఆరోగ్య సమస్యలలో డౌన్ సిండ్రోమ్ పేరు స్పష్టముగానే కలదు. ఆ బృందములు అంగన్‌వాడీలకు ఏటికి రెండుమారులు, బడులకు ఒకమారు రావలసియున్నది. సమగ్ర శిక్ష పథకము క్రింద మండలములలో భవిత కేంద్రములు నడచుచున్నవి; అందు ప్రత్యేకముగా శిక్షణ పొందిన ఉపాధ్యాయులు, స్వల్ప వేతనములతో, ఉద్యోగ భద్రత లేకయే, పిల్లలకు అక్షరములకంటె ముందు అన్నము తినుట నేర్పుచున్నారు, కదలలేని పిల్లల యిండ్లకు వెళ్లి పాఠము చెప్పుచున్నారు. ఫిజియోథెరపిస్టు నిర్ణీత దినమున వచ్చును. 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టము ఆరేండ్ల నుండి పదునెనిమిదేండ్ల వరకు ఉచిత విద్యను హక్కుగా జేసినది. దివ్యాంగుల పింఛను 2023 నుండి నెలకు 4,016 రూపాయలు. నేషనల్ ట్రస్టు వారి నిరామయ బీమాలో ఏటికి లక్ష రూపాయల వరకు వైద్యమునకును, థెరపీకిని లభించును; ఈ చివరి పథకము పేరైనను వినని కుటుంబములు మన పల్లెలలో పెక్కు.

ఇన్ని యున్నను కుటుంబమునకు తోడు లేకపోవుటకు కారణము, ఇవి యన్నియు వేరు వేరు గుమ్మములలో నుండుటయే. అంగన్‌వాడీ స్త్రీ శిశు సంక్షేమ శాఖది, పరీక్షలు చేయు బృందము వైద్యశాఖది, భవిత విద్యాశాఖది, పింఛను గ్రామీణాభివృద్ధి శాఖది, పింఛనునకు కావలసిన వైకల్య ధ్రువపత్రము జిల్లా ఆసుపత్రి శిబిరమునది. ప్రతి శాఖయు తన పని తాను చేసి, కాగితము పూరించి, తలుపు మూసికొనును. ఒక తలుపునుండి మరియొక తలుపునకు బిడ్డను మోసికొనిపోవు పని తల్లికి మిగులును. అందులోను పసిపిల్లలకు గడువుగల ధ్రువపత్రము లిచ్చి, గడువు తీరగానే మరల శిబిరమునకు రమ్మనుట నాకెన్నడును సమంజసముగా తోచలేదు. క్రోమోజోము గడువు తీరిన తరువాత మారునది కాదు. రక్తపరీక్షలో డౌన్ సిండ్రోమ్ నిర్ధారణమైన బిడ్డకు ఒక్కమారే శాశ్వత పత్రమిచ్చుట న్యాయము.

రెండు అంచులయందు ఈ యేర్పాట్లు మరింత పలుచబడుచున్నవి. పుట్టినది మొదలు మూడేండ్లు, అనగా మెదడు అతివేగముగా వికసించు కాలమున, తల్లికి క్రమముగా చేయూత నిచ్చువారు మండలములో లేరు. భవిత ప్రధానముగా బడియీడు పిల్లలను ఉద్దేశించినది. పదునెనిమిదేండ్లు నిండిన మరునాడు బడియు లేదు, భవితయు లేదు. ఆ యువకుడు ఇంటి యరుగుమీద కూర్చుండును. పూర్వము ఈ పిల్లలు చిన్ననాడే పోవుచుండిరి కావున రెండవ యంచును గూర్చి యెవరును తలపలేదు. నేడు సంపన్న దేశములలో వీరి సగటు ఆయువు అరువదియేండ్ల దాక పెరిగినది. మన యొద్దను వైద్యము మెరుగైన కొలది వీరు తల్లిదండ్రుల తదనంతరము జీవింతురు. ఈ సీమలో ఏ తల్లి నోట విన్నను చివరకు వచ్చు మాట యిదియే: “మేం బోయినంక వీన్ని ఎవలు సూస్తరు?”

ఈ ప్రశ్నకు కేరళ రాష్ట్రము తనకు తోచిన జవాబొకటి యిచ్చినది. 2004లో తిరువనంతపురము జిల్లా వెంగానూరు పంచాయతీలో మొదటి 'బడ్స్' పాఠశాల తెరవబడినది. భవనము పంచాయతీది, నడుపుటలో అండ కుటుంబశ్రీ మహిళాసంఘములది, బడియీడు దాటినవారికి వేరుగా పునరావాస కేంద్రములు, వానిలో చేతిపనులు. నేడు అట్టివి ఆ రాష్ట్రమున మూడు వందలకు పైబడి యున్నవి. ఉదయము బండి వచ్చి బిడ్డను తీసికొనిపోవును, సాయంకాలము దింపును; ఆ నడుమ తల్లి పనికి పోగలదు. ఇందులో మనకు పరాయిదేమియు లేదు. మహిళాసంఘముల విషయమున తెలుగు దేశము కేరళమునకు వెనుకబడినది కాదు. గ్రామైక్య సంఘము, మండల సమాఖ్య అను మాటలు ఎరుగని యూరు ఈ మూడు జిల్లాలలో నుండదు. 'వెలుగు' పథకపు కాలమున వికలాంగుల సంఘములను, మండల వికలాంగుల సమాఖ్యలను నిర్మించినదియు, కొన్ని మండలములలో పిల్లలకు శిక్షణ కేంద్రములు నడపినదియు మనవారే. ఆ యనుభవము గల కార్యకర్తలు, కొందరు నెరసిన తలలతో, ఇంకను గ్రామములలో నున్నారు. వారిని పిలిచి యడుగువారు లేరు.

నేను కోరునది యిది. ప్రతి మండలమునందును, భవిత కేంద్రములో, ఫిజియోథెరపిస్టు వచ్చు దినముననే, బుద్ధివికాస లోపము గల పిల్లల కుటుంబముల కూటమి జరుగవలెను. పుట్టిన బిడ్డ మొదలు నలుబదియేండ్ల వాని వరకు వయోభేదము లేక అందరకు ప్రవేశముండవలెను. దానిని మండల సమాఖ్య నడుపవలెను, విద్యాశాఖ గది నీయవలెను, వైద్యశాఖ మనిషిని పంపవలెను. ఆ కూటమికి ఒక కార్యకర్త కావలయును. ఆమె పట్టభద్రురాలు కానక్కరలేదు. ఇట్టి బిడ్డను పెంచి, నడకయు మాటయు నేర్పి, ధ్రువపత్రపు శిబిరము నుండి ఆరోగ్యశ్రీ కౌంటరు వరకు దారులన్నియు తిరిగి యెరిగిన తల్లి మండలమునకొకతె దొరకకపోదు. ఆమెకు సికింద్రాబాదు సంస్థలో కొన్ని వారముల శిక్షణ యిప్పించి, మర్యాదగల వేతనమిచ్చి నియమించినచో, అట్టి అర్హత ఏ డిగ్రీకిని తీసిపోదు. కోయ గూడెములలో, లంబాడీ తండాలలో ఆమె అచ్చటి భాషయే మాటలాడునది కావలెను. తెలుగున చెప్పిన వ్యాయామము గోర్‌బోలీ మాటలాడు లంబాడీ నాయనమ్మకు చేరదు.

అచ్చట ఏమి జరుగును? మొదటి నెలలలో పెద్దగా ఏమియు జరుగనట్లే తోచును. తల్లులు చాపల మీద కూర్చుందురు. పిల్లలు ఒకరిమీద నొకరు ప్రాకుదురు. ఒకతె, “మీ పిల్ల గోడ వట్టుకొని నిలవడ్డదా అక్కా?” యని యడుగును, ఆ అక్క తన పిల్ల మూడేండ్లకు నిలువబడినదని చెప్పును, అడిగిన యామె ముఖమున భయము సగము తీరును. థైరాయిడ్ మాత్ర పొద్దున్నే పరగడుపున వేయవలెనని ఒకరు చెప్పుదురు. ఎకో పరీక్షకు ఏ దినమున ఏ డాక్టరు ఉండునో మరియొకరు చెప్పుదురు. పెద్దమనిషియైన కూతురికి నెలసరి శుభ్రత నేర్పుట యెట్లో, పరాయివాడు చేయి వేసినచో కేకవేయుట నేర్పుట యెట్లో, ఈ మాటలు తల్లులు మగ డాక్టరు నెదుట నోరు విప్పి యడుగజాలరు, పరస్పరము మాటలాడుకొనగలరు. మానసిక వికాసము తక్కువైన బాలికలపై అత్యాచారముల వార్తలు చదివి కన్నీరు పెట్టుకొను మనము, వారి తల్లులకు ఈ విషయము మాటలాడుకొను చోటైన ఈయకపోవుట తగదు. నెలకొకమారు వైద్యకళాశాలనుండి పిల్లల డాక్టరు వచ్చినచో, తల్లులందరును నూరు కిలోమీటర్లు పోవుటకు బదులు ఒక్క డాక్టరు ముప్పది కిలోమీటర్లు వచ్చుట యగును. వైద్యవిద్యార్థులు ఈ పిల్లలను ఆసుపత్రి మంచముమీద కాక చాపమీద ఆడుచుండగా చూచుట వారి చదువునకును మేలు.

తండ్రులను మరువరాదు. ఇట్టి బిడ్డ పుట్టిన పిదప తాగుడునకు లోబడిన తండ్రులు కలరు, ఇల్లు విడిచినవారు కలరు. బిడ్డను భుజముమీద నెక్కించుకొని ఊరంతయు త్రిప్పు తండ్రులును కలరు. ఈ చివరి విధము వారిని కూటమికి రప్పించినచో తక్కిన వారిలో కొందరైనను మారుదురని నేను నమ్ముచున్నాను. అన్నదమ్ముల, అక్కచెల్లెండ్ర మాట కూడ అంతియే; రేపు ఆ బిడ్డ భారము వారిదే కావున, నేటినుండియే వారికి అందులో చోటుండవలెను.

ఇల్లాండ్రు సిగ్గుపడి రారని కొందరనవచ్చును. ఈ తల్లులలో చాలమంది ఇదివరకే మహిళాసంఘములలో సభ్యులు. నెలనెల పొదుపు కట్టుటకు వచ్చి, అప్పు వాయిదా కట్టి, బిడ్డ సంగతి యొక్క మాటయు ఎత్తక వెళ్లిపోవుచున్నారు. సంఘము సమావేశమున ఆ మాట కొక గంట కేటాయించినచో సిగ్గు తానే తొలగును. పింఛను ఇచ్చుచున్నాము గదా, ఇంకేమి కావలెనని మరికొందరనవచ్చును. నాలుగువేల రూపాయలు ఆ యింటికి అన్నము పెట్టుచున్నవి, వానిని తగ్గింపరాదు, సకాలమున ఈయవలెను, పెంచవలెను. కాని బిడ్డకు నడక నేర్పుట నేర్పునది పింఛను కాదు. తల్లికి జ్వరము వచ్చిన దినమున బిడ్డను చూచుకొనునది పింఛను కాదు.

తల్లిదండ్రుల తదనంతరపు ప్రశ్నకు చట్టములో ఒక సాధనము కలదు. పదునెనిమిదేండ్లు నిండిన పిదప, బిడ్డ బుద్ధి యెట్లున్నను, చట్టము దృష్టిలో తల్లిదండ్రులు అతనికి సంరక్షకులు కారు. బ్యాంకులో అతని ఖాతా నడుపవలెనన్నను, అతని పేర వచ్చు భూమికి పట్టాదారు పాసుపుస్తకము తీయవలెనన్నను చిక్కు వచ్చును. ఇందుకై 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టము, జిల్లాకొక స్థానిక స్థాయి సంఘము నేర్పరచి, దానికి కలెక్టరును అధ్యక్షుని జేసి, అందొక స్వచ్ఛంద సంస్థ ప్రతినిధికిని ఒక దివ్యాంగునికిని చోటిచ్చి, సంరక్షకుని నియమించు నధికారమును దానికి ఒసగినది. న్యాయస్థానమునకు పోనక్కరలేదు, వకీలుకు ఫీజు కట్టనక్కరలేదు. మేనమామయో, అన్నయో సంరక్షకుడుగా నియమింపబడినచో, వాడు బిడ్డ ఆస్తికి లెక్క చెప్పవలసి యుండును. జిల్లాలు చిన్నవైనందున ఈ సంఘము నేడు మండలములకే వచ్చి కూర్చుండవచ్చును. ఏటికొకమారు ప్రతి మండలపు కూటమికిని అది వచ్చి, అచ్చటనే దరఖాస్తులు తీసికొని, అచ్చటనే విచారించినచో, ఆ తల్లుల గుండెలమీది బరువు కొంతయైనను తగ్గును.

పైన చెప్పిన శాఖలన్నియు జిల్లాలో నొక్క కలెక్టరు క్రిందనే కలవు. స్థానిక సంఘమునకు అధ్యక్షుడును ఆయనయే. కొత్త చట్టము కాని, రాజధానినుండి కొత్త పథకము కాని వచ్చువరకు ఆగవలసిన పని లేదు. మొదట ఆశా కార్యకర్తలచేత ప్రతి గ్రామమునను ఇట్టి పిల్లల పట్టిక వ్రాయింపవలెను. వైద్యబృందముల పట్టికతో, భవిత పట్టికతో, పింఛను పట్టికతో దానిని సరిచూచినచో, మూడింటను లేని బిడ్డలెందరో బయటపడుదురు. పిదప కూటములను జిల్లా కేంద్రములలో మొదలుపెట్టుట అధికారులకు సులువు. అట్లు చేయవలదని నా మనవి. జనగామ పట్టణపు తల్లికి రైలున్నది, హైదరాబాదు దగ్గర. ఆమె మరి యొక్క యేడు ఓర్చుకొనగలదు. గోదావరి యొడ్డున అడవిలో నున్న పలిమెలలోను, మహబూబాబాదు మన్యమందలి గంగారములోను ముందుగా చాపలు పరచి, అచ్చటికి మొదటి డాక్టరును, మొదటి ఫిజియోథెరపిస్టును పంపుడు. కలెక్టరులును ఆ మొదటి దినమున అచ్చటనే కూర్చుండవలెను.